కదిలే అక్షరాలు

"ఆరో తరగతికొచ్చినా దీనికి అక్షరం రాదు మేడం! పత్తి ఏరనీకి తోల్కపోత." సమ్మమ్మ కూతురు సింధును క్లాసులోంచి బయటికి గుంజింది.

వినోద టీచర్ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీకు దండం పెడుత సమ్మక్కా, జర ఇది చూసిపో!"

ట్యాబ్ తెరిచి సింధు ముందు పెట్టింది. అది పాఠం చదువుతుంటే తెరమీద ఒక్కో మాటా పెద్దదవుతోంది. సింధు ఆ మాటల వెంటే వేలు జరుపుతూ తడబడకుండా చదివింది.

"నీ బిడ్డ మొద్దు కాదక్కా. పుస్తకంల అక్షరాలు ఆమెకు ఈగల్లెక్క కదులుతయి, అంతే."

సమ్మమ్మ తెల్లబోయింది.

"అందరికి కదలయా మేడం?"

సమ్మమ్మ తెరమీది మాటను వేలితో తాకింది.

"నన్ను గూడ మొద్దువనే బడి మాన్పిచ్చిండ్రు. నిజమే అనుకున్న."

కూతుర్ని అక్కడే కూర్చోబెట్టి, సమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూ ఒక్కతే చేనుకు పోయింది.