జామకాయ జ్ఞాపకం

గోదారి గట్టున పాత రైలుకట్టని నడకదారి చేశాక, అక్కడి పార్కుల్లో బెంచీలు ఊళ్ళోవాళ్ళు చెప్పిపెట్టిన జ్ఞాపకాలు వినిపించడం మొదలెట్టాయి. డెబ్బై ఏళ్ళ హారిక ఒకదాని మీద కూర్చుని జామకాయ ముక్కల డబ్బా తీసిందో లేదో, బెంచీలోంచి పక్కనే కూర్చున్న మొగుడు ప్రదీప్ గొంతు వినబడింది.

"ఇక్కడ రైలాగినప్పుడే నీలిమ నాకు జామకాయ పెట్టింది. అంత తియ్యటి కాయ మళ్ళీ తినలేదు."

"ఎవరండీ ఆవిడ?"

"పెళ్ళికి ముందు మాటలే," అంటూ ప్రదీప్ గోదారి వైపు తిరిగాడు.

హారికకి ఒళ్ళు మండిపోయింది. బెంచీకున్న మీట నొక్కి తన జ్ఞాపకమూ చెప్పింది. "ఈయనకి ఇన్నేళ్ళూ కాయలు కోసి, ఉప్పూకారం చల్లి పెట్టింది నేను. ఇవాళ ఒక్క ముక్క పెట్టను." మీట వదలకుండానే డబ్బా మొత్తం తినేసింది.

ఇప్పుడు ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా, నీలిమ తియ్యటి కాయ అవగానే హారిక కరకరా నమిలే చప్పుడు వినబడుతుంది.