నాలుగింటి అనుమానం

మా కాలేజీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు. అందులో దూరి ఎవడో బెదిరింపు మెయిల్ పంపాడు. "ఇంకొకడు దూరాడంటే నీ మెడకే చుట్టుకుంటుందమ్మా," అన్నారు ప్రిన్సిపాల్‌గారు. వైఫై చూసేది నేనే.

నా అనుమానమంతా ఎదురు షాపు బుక్ బైండరు మీదే. రోజూ నాలుగింటికి, వేడెక్కిన రౌటర్‌ని కాసేపు ఆపడానికి నేను లైబ్రరీకి వెళ్లేసరికి, ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చునుంటాడు.

ఆ రోజు రౌటర్ ఆపేసి, "ఫోన్ ఇలా ఇవ్వండి," అన్నాను.

జిగురంటిన చేత్తో ఇచ్చాడు. బటన్ల ఫోన్. దానికి వైఫై రమ్మన్నా రాదు.

"మరి రోజూ ఇక్కడేం పనండీ?"

"మీరు నాలుగింటికేగా వచ్చేది," అన్నాడు నేల చూస్తూ.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు నన్ను తెగ మెచ్చుకున్నారు. నిన్న సాయంత్రం నుంచి మా వైఫైలోకి ఒక్కడూ దూరలేదట.

ఎలా దూరతాడు? రౌటర్ మళ్లీ వేయడం నాకు గుర్తుంటేగా.