తేలికపాటి జబ్బు

“మంచం ఇవ్వనమ్మా. అవసరం లేదు,” అన్నాడు పేగుల డాక్టరు, పెన్నుకి మూత పెడుతూ.

బల్లకి ఇవతల నల్లజాతి బస్సు డ్రైవరు పొట్ట పట్టుకుని వంగి కూర్చున్నాడు. మాట్లాడే ఓపిక లేక అక్కని తోడు తెచ్చుకున్నాడు. ఇద్దరి వంతూ ఆమే మాట్లాడుతోంది.

“రోజుకి పదిహేనుసార్లు రక్తం పోతోంది సార్. నిన్న స్టీరింగ్ మీదే కళ్ళు తిరిగి పడబోయాడు. రెండ్రోజులు ఉంచుకోండి, మీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఇదే జబ్బు తెల్లవాళ్ళకి వస్తే నేనే హడలిపోతాను. మీ నల్లవాళ్ళకి తేలిగ్గా వచ్చి పోతుంది. ఉక్కు ఒళ్ళు మీది! అయిదేళ్ళుగా రాసి పెట్టుకుంటున్నాను, మీవాళ్ళు యాభైమంది వచ్చారు. ఒక్కరంటే ఒక్కరు దీనితో పోలేదు. వచ్చేవారం పెద్ద సభలో ఇదే చెప్పబోతున్నాను.”

“వీడి ఒళ్ళు చూడండి సార్. ఉక్కులా ఉందా?”

డాక్టరు నవ్వాడు. ఆయన నవ్వు చాలా బాగుంటుంది. సగంమంది రోగులు అది చూసే నమ్మేస్తారు.

కొత్తగా చేరిన నర్సు గొంతు తగ్గించి, “బీపీ బాగా పడిపోయింది సార్. కిటికీ పక్క మంచం ఖాళీగానే ఉంది,” అంది.

“చేరి పదిరోజులు కాలేదు, అప్పుడే నాకు పాఠాలా?” అని, మాత్రల చీటీ అక్క చేతిలో పెట్టాడు. “వారం వాడి తీసుకురా. వాడే నడిచొస్తాడు చూడు.”

తమ్ముడి బరువంతా భుజం మీద మోస్తూ ఆమె మెట్లు దిగింది. ఇంకొక్క మాట అనలేకపోయినందుకు నర్సుకి తనమీద తనకే అసహ్యమేసింది.

వారం తిరిగేసరికి అక్క ఒక్కతే వచ్చింది. ఏడవడం కూడా అయిపోయిన మొహంతో వరండాలో బెంచీ మీద కూర్చుంది. నర్సు ఆమె చేతిలోని కాగితం తీసుకుని లోపలికి పరిగెత్తింది.

“ఆ డ్రైవరు మొన్న ఇంట్లోనే పోయాడు సార్. రక్తం ఆగనే లేదట. మరణపత్రం మీద మీ సంతకం కావాలట.”

డాక్టరు నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

“పాపం, చిన్నవాడు,” అన్నాడు.

ఇన్నాళ్ళకి ఆయనలో మనిషి కనిపించినట్టనిపించింది నర్సుకి. కాగితం బల్లమీద పరిచి, మెల్లగా అడిగింది.

“కారణం దగ్గర పేగుల జబ్బని రాయనా సార్?”

“వద్దు. ముందు పోయిన పదకొండుమందికీ రాసిందే రాయి. గుండెపోటు.”