కాంటెస్సాలో ముందు సీటు

ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడవుతోందని దీపక్ కారు ఆపించాడు.

అతను దిగి, వంగి చూస్తుండగానే బస్టాపులోంచి ఓ పెద్దావిడ లేచి వచ్చింది.

“అమలాపురం దాకా ఎక్కించుకుంటారేంటండీ?”

డెబ్బై దాటిన మనిషి. నేత చీర, తీరుగా దువ్విన తెల్ల జుట్టు.

స్టీరింగు ముందున్న సుస్మిత నవ్వింది. “రండి మామ్మగారూ. కానీ బండిని పరీక్ష చేస్తున్నామండీ. కుదుపులు ఎక్కువ.”

“ఆయ్, ఫర్వాలేదు. నన్ను ముందు సీట్లో కూర్చోనివ్వండి, చాలు.”

దీపక్ వెనక సీట్లోకి వెళ్లాడు.

అది ముప్పై ఐదేళ్ల నాటి కాంటెస్సా. ఒకప్పుడు రేసుల్లో తిరిగిన బండి. ఉప్పలగుప్తంలో బుల్లిరాజు అనే కొబ్బరి రైతు దగ్గర, వాళ్ల నాన్నగారి కాలం నుంచీ మూలపడి ఉంటే, అక్కాతమ్ముళ్లు కిందటేడు కొన్నారు. సుస్మిత కాలేజీలో పాఠాలు చెబుతుంది. దీపక్‌కి అమలాపురంలో కార్ల షెడ్డు ఉంది. బండిని మళ్లీ నిలబెట్టేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

శనివారం రాజమండ్రిలో పాత కార్ల పోటీ. సుస్మితకి అదే మొదటిది.

తేలనిది ఒక్కటే. ముందు చక్రాలకి ఏ కిట్టు వెయ్యాలి?

రేసింగ్ కిట్టులో పొట్టి స్ప్రింగులు, బిగుతైన షాకబ్జర్లు. అది వేస్తే బండి ముక్కు నేలకి దిగి, ఉరకబోయే పులిలా కనిపిస్తుంది. రెండో కిట్టు కాస్త మెత్తది. దానికి నాబ్ తిప్పి షాకబ్జర్ల బిగువు మార్చుకోవచ్చు.

దీపక్ ఓటు పులికే. ఇప్పుడు బండికి ఉన్నదీ అదే.

కాలవగట్టు రోడ్డెక్కగానే సుస్మిత వేగం పెంచింది. తూము మీద బండి ఎగిరిపడింది. దీపక్ తల పైకప్పుకి కొట్టుకుంది.

పెద్దావిడ పకపకా నవ్వింది.

“అమ్మాయ్, వెనక్కి తిప్పి ఇంకోసారి తూము మీంచి పోనిస్తావా?”

“భయం వెయ్యట్లేదా మామ్మగారూ?”

“భయమేంటి తల్లీ! సరదాగా ఉంటేనూ.”

సుస్మితకి ముచ్చటేసింది. బండి తిప్పింది. పోటీ సంగతీ, కిట్ల సంగతీ చెప్పింది.

ఈసారి పెద్దావిడ కళ్లు మూసుకుని, అరికాళ్లు కిందికి నొక్కిపెట్టి కూర్చుంది. తూము దాటాక మలుపులో బండి బయటికి జారింది. సుస్మిత కంగారుగా స్టీరింగు లాగింది.

“గతుక్కి చక్రం గాల్లోకి లేచిపోతోంది తల్లీ. గాల్లో ఉన్న చక్రాన్ని ఎటు తిప్పితే ఏం లాభం?”

“రేసు బండి గట్టిగానే ఉండాలండీ,” అన్నాడు దీపక్.

“అద్దంలాంటి రోడ్డయితే నువ్వన్నది నిజమే బాబూ. మీ పోటీ అలాంటి రోడ్డు మీదేనా?”

“కాదండీ,” అంది సుస్మిత. “గతుకుల మైదానం.”

ఆవిడ అమలాపురం బస్టాండులో దిగిపోయింది.

“మామ్మగారి మనవడెవడో కార్ల పిచ్చోడై ఉంటాడు,” అన్నాడు దీపక్.

“ఉండనీ. నువ్వు రెండో కిట్టు బిగించు.”

గొణుక్కుంటూనే బిగించాడు.

సాయంత్రం మళ్లీ అదే రోడ్డుకి బయల్దేరితే, బస్టాండు బయట ఆవిడే! చేతిలో పూతరేకుల పెట్టె.

“మీకేనండీ. పొద్దున్నే తెచ్చుంటే మీ బండిలో పొడైపోయేవి.”

ఈసారి ముందు తలుపు దీపకే తీశాడు.

తూము మీద బండి ఒక్కసారి ఊగి కుదురుకుంది. మలుపులో చక్రాలు రోడ్డుని వదల్లేదు.

“బ్రేకు తొక్కితే ముక్కు దిగిపోతోంది చూడక్కా,” అన్నాడు దీపక్, ఓటమి ఒప్పుకోలేక.

“నాబ్ ఉందన్నారుగా. కొంచెం బిగించు బాబూ. కొంచెమే!”

దిగి బిగించాడు. మళ్లీ తూము, మళ్లీ మలుపు. బండి గీత గీసినట్టు తిరిగింది.

“అబ్బా!” అని అరిచింది సుస్మిత. పెద్దావిడ చప్పట్లు కొట్టింది. దీపక్ కూడా నవ్వేశాడు.

“మామ్మగారూ, ఓసారి మీరు నడుపుతారా?” అన్నాడతను.

ముగ్గురూ పడీపడీ నవ్వారు.

“చూపు ఆనట్లేదు బాబూ,” అందావిడ.

ఉప్పలగుప్తంలో దిగి, బండి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. పేరడగాలని ఇద్దరికీ తోచలేదు.

శనివారం రాజమండ్రి మైదానంలో తక్కిన బండ్లు గతుకుల్లో గెంతుతుంటే, కాంటెస్సా నేలని పట్టుకుని పరిగెత్తింది. మొదటి బహుమతి! దీపక్ అక్కని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు.

కాస్త ఊపిరి తీసుకుని సుస్మిత బుల్లిరాజుకి ఫోన్ చేసింది.

“గెలిచామండీ! మీ నాన్నగారి రేసు బండి మళ్లీ గెలిచింది!”

“ఆయ్, గెలుస్తారని మాకు ముందే తెలుసండీ. మా కాలవగట్టు రోడ్డు మీద పరీక్ష చేస్తామని మీ తమ్ముడుగారు ఫోన్లో చెప్పేరు కదా. ఆ మాట విని మా అమ్మ పొద్దున్నే పోయి బస్టాపులో కూర్చుందండీ. వచ్చిన బస్సులన్నీ వదిలేసి మీ బండే ఎక్కింది.”

సుస్మిత తమ్ముణ్ని చెయ్యి పట్టి దగ్గరికి లాగింది.

“ఆ మామ్మగారు మీ అమ్మగారాండీ? నాన్నగారి బండంటే ఆవిడకి ఎంత ప్రేమండీ!”

అవతల బుల్లిరాజు గట్టిగా నవ్వాడు.

“నాన్నగారికి సైకిలు తొక్కడం కూడా రాదండీ, రేసుల్లో ఆ బండి నడిపింది మా అమ్మ జయమ్మేనండీ.”