నల్లమేక రెండో కాన్పు

అనగనగా ఒక దొడ్లో నల్లమేక ఉండేది. దాని తొలిచూలు పిల్లను ఈగలే పొట్టన పెట్టుకున్నాయి. బొడ్డు మీద గుడ్లు పెడితే, పురుగులు పుట్టి పసిదాన్ని తినేశాయి. మేక మళ్లీ చూలుతో ఉండగా మనుషులు పెట్టెతో మరిన్ని ఈగలను తెచ్చి వదిలారు. మేక కొమ్ములు వంచి మీదికెళ్లింది.

"ఆగమ్మా, మేమంతా మగఈగలం," అంది ఒక ఈగ. "మా జన్యువులను మనుషులు మార్చారు. మాతో జతకట్టిన ఆడఈగల గుడ్లు పగిలి పురుగులు పుట్టవు."

"ఈగ మాట నమ్మి బిడ్డను పోగొట్టుకోమంటావా?" అంది మేక.

నెల తిరిగాక మేక ఈనింది. ఒక ఆడఈగ కన్నుగప్పి పిల్ల బొడ్డు మీద గుడ్లు పెట్టనే పెట్టింది. మేకకు మేత సయించలేదు. రెండు రోజులు పిల్లను కాచుకునే కూర్చుంది. మూడోనాడు గుడ్లు ఎండి పొట్టులా రాలిపోయాయి. పిల్ల చెంగున లేచి పొదుగు కుమ్మింది. మేక కళ్లు మూసుకుని పాలు చేపింది.