సుప్రజకు వచ్చిన మెయిళ్లు

“చదవకుండా కొట్టేయొద్దప్పా” అని ఓబుళేశు గాబ్రియేలు చేయి పట్టుకున్నాడు.

ఓబుళేశు ఎర్రగుంట్ల సిమెంటు లారీ డ్రైవరు. గాబ్రియేలుకు కడపలో ఆసుపత్రి ఎదురుగా ఇంటర్నెట్ సెంటరుంది. ముందు కౌంటరు మీద ఒక కంప్యూటరు, లోపల పరదాలు కట్టిన నాలుగు క్యాబిన్లు. ఇద్దరూ కౌంటరు దగ్గర కూర్చుని పోట్లాడుకుంటున్నారు. మెయిల్ పెట్టె నిండిపోయింది. ఉన్నవి తీసేస్తే గానీ కొత్తవి రావు.

ఓబుళేశు కూతురు సుప్రజకు ఆరేళ్లు. ఆ పిల్లకు సాయంత్రం ఆపరేషన్ చేయాలి, రక్తం కావాలి. అదీ ఎవరిది పడితే వాళ్లది పనికిరాదు. బాంబే గ్రూపట, పదివేల మందిలో ఒకరికి ఉంటే ఉన్నట్టట. కడప దాటి ఎరగని బిడ్డకు బొంబాయి రక్తమేంది సామీ అని ఓబుళేశు అడిగితే, దాని పేరే అంత, ముందు మనిషిని వెతుక్కో, రక్తం లేనిదే నేను కత్తి పట్టను అని డాక్టరు తేల్చేశాడు. తండ్రిదీ తల్లిదీ సరిపోలేదు. దిక్కుతోచక రోడ్డు మీద నిలబడ్డ మనిషిని గాబ్రియేలే పిలిచి కూర్చోబెట్టాడు. సంగతంతా రాసి, కింద సెంటరు ఫోన్ నంబరు వేసి, తనకు తెలిసిన ప్రతి అడ్రసుకూ మెయిల్ పంపాడు. మీకు తెలిసినవాళ్లందరికీ పంపండని అందులో బతిమాలాడు కూడా. ఇదంతా పొద్దున జరిగింది.

మధ్యాహ్నానికల్లా జవాబులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. మద్రాసు నుంచి, మస్కట్ నుంచి, సింగపూరు నుంచి, గాబ్రియేలు కూడా పేరు వినని ఊళ్ల నుంచి వచ్చాయి. ఓబుళేశు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. ఎర్రగుంట్లలో వాళ్ల వీధి చివర ఎవరికీ తెలియని తన బిడ్డ పేరు సముద్రాలవతల మనుషులు రాస్తున్నారు. గాబ్రియేలు ఇంగ్లీషులో ఇదిగో సుప్రజ అని చూపించిన ప్రతిసారీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

కానీ కావాల్సిన రక్తం ఒక్కరిదీ కాదు. ఒకాయన తనది ఓ పాజిటివ్, పనికొస్తుందా అన్నాడు. ఒకావిడ స్తోత్రం పంపి చదివించమంది. ఇంకో మహానుభావుడు దీపం బొమ్మ పంపాడు. వెలుగుతూ ఆరుతూ ఉండే ఆ దీపమే సగం పెట్టెను మింగింది. పుణ్యానికి పోతే ఇదెక్కడి తద్దినమని గాబ్రియేలు తల పట్టుకున్నాడు.

“అన్నా, పొద్దు వాలతాండాది. ఒక్కోటి తెరిచేదానికే శానా సేపు పడతాండాది. అన్నీ ఒక్క దెబ్బకు కొట్టేస్తా. కొత్తగా వచ్చేవాటిల్లో చూసుకుందాం.”

ఓబుళేశు ఒప్పుకోలేదు.

“నా బిడ్డను పలకరించను వచ్చినోళ్లప్పా వాళ్లంతా. గడప తొక్కినోళ్లను ఎందుకొచ్చినారని కూడా అడక్కుండా పంపిస్తామా? నువ్వు ఒక్కో మాట చదువు. ఇని పంపిద్దాం.”

ఇదేమన్నా పెండ్లా, అందరినీ పలకరించి తాంబూలమిచ్చి పంపడానికి, అని గాబ్రియేలు గొణిగాడు. గొణుగుతూనే చదివాడు. ఒక మెయిల్ తెరవడం, ఒక ముక్క తెలుగులో చెప్పడం, తీసేయడం. తీసేసే ముందు ప్రతిసారీ ఓబుళేశు కంప్యూటరుకు దండం పెట్టాడు. గాబ్రియేలుకు మొదట నవ్వొచ్చింది. నాలుగైదు దండాలయ్యాక నవ్వు రాలేదు. ముక్కూమొహం తెలియని పిల్ల కోసం ఇంతమంది కూర్చుని రాశారా అని అతనికీ ఆశ్చర్యమేసింది.

పాతవి పోయేకొద్దీ కొత్తవి దిగుతున్నాయి. అప్పుడే వచ్చినదొకటి తెరిస్తే తెరంతా అడ్రసులే. గాబ్రియేలు కిందికి జరిపాడు, ఇంకా జరిపాడు. అతని సొంత మెయిలే మద్రాసు పోయి, అక్కడ నుంచి మస్కట్, సింగపూరు, లండను, బెంగుళూరు తిరిగి తిరిగి వచ్చింది. ఇది ఉత్త ఊరేగింపు, దీన్ని కొట్టేస్తానన్నాడు. అంత దూరం తిరిగొచ్చినదాన్ని అసలు వదలొద్దని ఓబుళేశు పట్టుబట్టాడు. గాబ్రియేలు విసుక్కుంటూ అట్టడుగుకు పోయాడు. అక్కడ నాలుగు ముక్కలున్నాయి. చదివి ఓబుళేశు భుజం పట్టి ఊపాడు.

“అన్నా, ‘నాది బాంబే గ్రూపే. ఇప్పుడే చూశాను. నేను కడపలోనే ఉన్నాను. ఏ ఆసుపత్రో మీరు రాయలేదు. ఫోన్ చేస్తుంటే ఎంగేజ్ వస్తోంది’ అని రాసినాడు. నంబరు కూడా ఇచ్చినాడు.”

ఓబుళేశు కుర్చీలోంచి లేచాడు. ఇన్ని దేశాలు తిరిగి మళ్లీ మన కడపకే వచ్చిందా సామీ అన్నాడు. గాబ్రియేలు నెత్తి కొట్టుకున్నాడు. తొందరలో ఆసుపత్రి పేరే మరిచాడు. ఇక ఫోన్ ఎట్లా కలుస్తుంది? పొద్దున్నుంచి సెంటరులో నెట్ నడుస్తున్నది ఉన్న ఆ ఒక్క ఫోన్ లైను మీదే.

గబగబా నెట్ కట్ చేశాడు. లోపల క్యాబిన్లలో వాళ్లు ఏమైందప్పా అని గోల పెట్టారు. అతను పట్టించుకోలేదు. తీగ పీకి ఫోనుకు తగిలించాడు. ఓబుళేశు రెండు చేతులూ జోడించి ఆ ఫోను వంకే చూస్తున్నాడు. గాబ్రియేలు ఒక్కో అంకె నొక్కి, రిసీవరు చెవికి ఆనించాడు. అవతల రింగు పోతోంది.

లోపల, చివరి క్యాబిన్ పరదా వెనక సెల్‌ఫోన్ మోగింది.