ఏటి మేస్టారు

హైస్కూలు కిటికీ దగ్గర దాలయ్య ఆగాడు.

లోపల కొత్తగా వచ్చిన లెక్కల మేస్టారు నవీన్, పదో తరగతికి పాఠం చెబుతున్నాడు.

"ఏటే సింధూ, అలాగ సూస్తన్నావు? తెలీకపోతే తెలీదని సెప్పు. తప్పేటి?"

పిల్లలు నవ్వారు. సింధు కూడా నవ్వింది. లేచి డౌటు అడిగింది.

సింధు దాలయ్య కూతురు. దాలయ్యకు మాత్రం నవ్వు రాలేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర అందుకున్నాడు.

"ఈడేటి మేస్టారు! మనలాగే మాటాడతన్నాడు. ఈ మాట నేర్పడానికి గవర్నమెంటు జీతమివ్వాలేటి? నాను నేర్పనా?"

"నువ్వు నేర్పితే దున్నపోతు కూడా తాడు తెంపుకుని పారిపోతాది బావా," అన్నాడు నరసింగరావు.

అన్నాడే గాని, మేస్టార్ని మార్చమని దాలయ్య పెట్టించిన అర్జీ మీద మొదటి సంతకం అతనే పెట్టాడు.

"నాన్నా, ఆ మేస్టారు..." అని ఇంటి దగ్గర సింధు ఏదో చెప్పబోయింది.

"నీకేటి తెల్సు, ఊరుకోయే."

సింధు లోపలికి వెళ్లిపోయింది.

అర్జీ పైకి వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండా నవీన్ మేస్టారు వెళ్లిపోయాడు. సాగనంపడానికి ఊళ్లో పెద్దలెవరూ రాలేదు.

ఆ చోట్లోకి వచ్చినాయన అచ్చం పుస్తకంలా మాట్లాడాడు. దాలయ్య సంబరపడ్డాడు.

మొదటి రోజే సింధు లేచింది.

"సార్, అది మల్లీ సెప్పండి."

"సెప్పండి కాదు, చెప్పండి. ముందు మాట నేర్చుకో. లెక్క తర్వాత."

తరగతి గొల్లున నవ్వింది.

సింధు కూర్చుంది. మరి లేవలేదు.

నవీన్ మేస్టారి దగ్గర లెక్కల్లో తొంభై ఒకటి వచ్చిన పిల్లకు హాఫియర్లీలో ఇరవై రెండు వచ్చాయి.

"ట్రిపుల్ ఐటీ సీటు కొట్టేస్తానన్నావు గదే! ఏటైనాది?" అని నిలదీశాడు దాలయ్య.

"ఏటీ అవనేదు."

"తెలీకపోతే అడగొచ్చు గదే?"

"ఎవుల్ని?"



మర్నాడు హెడ్‌మేడమ్ లక్ష్మణమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, బుద్ధి తక్కువైపోనాది. ఆ మేస్టార్ని మల్లీ తెప్పించండి. ఈ సారి కాయితం నానే రాయిస్తాను."

"ఎక్కణ్ణించి తెప్పించను దాలయ్యా? మీ అర్జీతో ఆయన మనసు విరిగిపోయింది. బదిలీ పెట్టుకుని సొంతూరు వెళ్లిపోయాడు."

"ఏ ఊరమ్మా? బొబ్బిలా, సాలూరా? రేపే ఎల్లి కాల్లట్టుకుంటాను."

"హిందూపురం."

"అదేపక్క?"

"రాష్ట్రానికి ఆ చివర. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ."

దాలయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మరి... ఆడిది మన మాటే గదమ్మా?"

"వచ్చిన కొత్తలో ఆయన చెప్పింది పిల్లలకు తెలిసేది కాదు. పిల్లలు అడిగింది ఆయనకు తెలిసేది కాదు. అసలు నోరే విప్పని పిల్ల ఒకత్తి ఉండేది. మీ మాట నాకు నేర్పమ్మా, నీకు లెక్కలు నేర్పుతానని, రోజూ మధ్యాహ్నం బువ్వ వేళ దాని ముందు పలక పట్టిన పిల్లాడిలా కూర్చునేవాడు."

"ఏ గుంటమ్మా అది?"

మేడమ్ అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"ఆయనకు మన మాట నేర్పిన పంతులమ్మ మీ సింధే, దాలయ్యా."